నిచ్చెనగారి గుండె

దేశదేశాల నుంచి సాయం చేయడానికి వచ్చినవాళ్ళకి ఒంట్లో బాగాలేకపోతే చూసే డాక్టరు అంటే జనం ఏవేవో ఊహించుకుంటారు. లాంతరు వెలుగులో ఆపరేషన్లనీ, గుడారంలో పురుళ్ళనీ, నానా హంగామా. మన డాక్టరమ్మ కూడా అలాగే ఊహించుకుని ఉద్యోగంలో చేరింది. తీరా వచ్చి చూస్తే ఏముంది? విరేచనాలు. జీపు కుదుపులకి పట్టేసిన నడుములు. కొత్త నీళ్ళు పడక గోక్కునే చేతులు. వరదకి ఎదురెళ్ళి పసిపిల్లల్ని భుజాన వేసుకొచ్చిన మొనగాడు కూడా సూది అనేసరికి కళ్ళు తేలేసేవాడు. ఇంటి మీద బెంగ పెట్టుకుని, బెంగ అని చెప్పుకోవడానికి మొహం చెల్లక, "ఇక్కడేదో పట్టేసినట్టుంది డాక్టర్" అని గుండె చూపించేవాళ్ళు మరికొందరు. వాళ్ళకి మందు డాక్టరమ్మ దగ్గర లేదు. ఆ మందు ఆవిడ మేనత్త దగ్గర ఉంది.

మేనత్త నాలుగు రోజులుండి పోతానని వచ్చింది. రెండు వానాకాలాలు చూసింది, కదల్లేదు. క్లినిక్కులో రోగులు కూర్చునే బల్ల మీద ఓ కొస ఆవిడది. ఒళ్ళో పాత వారపత్రికల కట్ట, పక్కన టీ ఫ్లాస్కు. వచ్చినవాడికి వచ్చినట్టు టీ పోసి, సీరియల్లో నిన్నటిదాకా ఏం జరిగిందో చెప్పేది. సగం మంది చీటీ రాయించుకోకుండానే కుదుటపడి లేచిపోయేవారు.

క్లినిక్కుకీ పక్కనున్న రేడియో గదికీ మధ్య ఒక్క చెక్కగోడ. దూరాన ఉన్న క్యాంపులూ, దారిలో ఉన్న లారీలూ, పైనున్న విమానమూ అన్నీ ఒకే రేడియోలో మాట్లాడుకోవాలి. తెల్లారింది మొదలు ఒకటే గోల. ఆ గోలనంతా అదుపులో పెట్టే ఆపరేటరు గొంతు వింటే గోడకి కొట్టిన మేకులు వదులయ్యేవి. అత్తయ్య అతనికి మైకాసురుడని పేరు పెట్టింది. ఆ పేరే స్థిరపడిపోయింది.

ఆ రేడియోలో ఒక పద్ధతుంది. ఒకరు మాట్లాడటం ఆపాక చివర "ఓవర్" అనాలి. నా మాట ముగిసింది, ఇక నువ్వు మాట్లాడు అని అర్థం. అత్తయ్యకి ఆ మాట సుతరామూ గిట్టేది కాదు.

"ప్రతివాడూ మాట మాటకీ అయిపోయింది, అయిపోయింది అంటాడేమిటే? అపశకునం!"

"అది వాళ్ళ పద్ధతి అత్తా."

"ఏడిసినట్టుంది పద్ధతి."

ఇంకో పద్ధతి కూడా ఉంది. ఎవరికి జబ్బు చేసినా రేడియోలో పేరు చెప్పకూడదు. ఊళ్ళన్నీ వింటుంటాయి కదా. "ఒక పేషెంటు" అనాలి, అంతే. ఈ రెండు పద్ధతులూ గుర్తుపెట్టుకోండి. మన కథ వాటి మీదే నడుస్తుంది.

కొత్తగా చేరినవాళ్ళని క్యాంపులకి పంపేముందు డాక్టరమ్మ పరీక్ష చేసి సరేననాలి. అలా ఒకరోజు బోర్లు వేయించే ఇంజినీరు వచ్చాడు. పొడుగంటే పొడుగా! గుమ్మానికి నమస్కారం పెట్టకుండా ఏ గదిలోకీ పోలేడు. ఆయన్ని అందరూ నిచ్చెనగారనేవారు. చొక్కా విప్పి బల్ల మీద పడుకోబెడితే మోకాళ్ళ కింద సగం మనిషి గాల్లోనే ఉన్నాడు.

డాక్టరమ్మ స్టెతస్కోపు ఎడమ రొమ్ము మీద పెట్టింది. విన్నది. కొంచెం పైన పెట్టింది. కింద పెట్టింది. చెవుల్లోంచి తీసి, తుడిచి, తన గుండె మీద పెట్టుకుని చూసుకుంది. పనిచేస్తోంది.

"ఏమిటే, పాడైందా?" అంది అత్తయ్య తెర అవతల నుంచి.

"అత్తా, ఈయనకి గుండె లేదు."

"మగాళ్ళకి అది మామూలేనే."

నిచ్చెనగారు సిగ్గుపడుతూ నవ్వాడు. "కాస్త ఇటు చూడండి డాక్టర్" అని కుడివైపు వేలు పెట్టి చూపించాడు.

అక్కడుంది! మేళం వాయించినట్టు, హాయిగా, ఎవరికీ భయపడకుండా కొట్టుకుంటోంది. డాక్టరమ్మ అలాగే వంగి ఉండిపోయింది. చదువుకునే రోజుల్లో ఎక్కడో పేజీ అడుగున రెండు ముక్కలు చదివిన సంగతి. తన చెవులతో వింటానని కలలో కూడా అనుకోలేదు. పొట్ట మీద తట్టి చూసింది. కాలేయం ఎడమవైపు ఉంది. వంటిల్లు ఉండాల్సిన చోట పడకగది, పడకగది ఉండాల్సిన చోట వంటిల్లు. ఇల్లు మాత్రం దివ్యంగా నడుస్తోంది. ఇన్నాళ్ళ విరేచనాల మధ్య ఎప్పుడో మరిచిపోయిన ఆశ్చర్యం ఒక్కసారిగా తిరిగొచ్చింది.

"నన్ను ఆపేయకండి" అన్నాడాయన మెల్లిగా. "ఇదివరకోచోట గుండెజబ్బని ఇంటికి పంపేశారు."

"జబ్బు కాదండీ, వింత. వింత ఉన్నవాళ్ళు వెళ్ళకూడదని ఎక్కడా లేదు."

"అయితే ఎవరికీ చెప్పకండి. తెలిస్తే వచ్చినవాడల్లా చెవి పెట్టి వింటానంటాడు."

డాక్టరమ్మ మాటిచ్చింది. నోట్లో నువ్వుగింజ నానని అత్తయ్య చేత కూడా ఒట్టేయించింది. ఆ ఒట్టు నిలబెట్టుకోవడానికి అత్తయ్య పడిన బాధ రాస్తే అదో పెద్ద గ్రంథమవుతుంది.

వానలు ముదిరాయి. నది ఒళ్ళు విరుచుకుని వంతెనని తనతో తీసుకుపోయింది. నిచ్చెనగారి క్యాంపు అవతలి గట్టు మీద. ఆ వారమంతా ఏ క్యాంపు పిలిచినా కడుపు గొడవలే. ఒక మధ్యాహ్నం ఆ క్యాంపులో కొత్తగా చేరిన సిస్టరు రేడియోలో పిలిచింది. డాక్టరమ్మ రేడియో గదిలోకి వెళ్ళింది, వెనకే పత్రికల కట్టతో అత్తయ్య.

"క్లినిక్, ఒక పేషెంటు. కడుపులో నొప్పి, ఎడమవైపు కింద. వాంతులు, జ్వరం. ఓవర్."

కుడివైపు అయితే డాక్టరమ్మ ఉలిక్కిపడేది. ఎడమవైపు అంది కదా. అందరికీ చెప్పిందే చెప్పింది. "నీళ్ళు కొంచెం కొంచెంగా పట్టించండి. పడుకోబెట్టండి. గుండె, నాడి చూసి మళ్ళీ పిలవండి. ఓవర్."

కాసేపటికే సిస్టరు మళ్ళీ పిలిచింది.

"డాక్టర్, నొప్పి పెరిగిపోయింది. గుండె వినపడటం లేదు. ఓవర్."

"అయ్యో అయ్యో!" అత్తయ్య పత్రికల కట్ట వదిలేసి గుండెలు బాదుకుంది. "అయిపోయాడా నాయనా! ఏ తల్లి కన్న బిడ్డో!"

"అత్తా, నువ్వాగు! సిస్టర్, మనిషి ఎలా ఉన్నాడు? ఓవర్."

"మనిషి ఉన్నాడు డాక్టర్! మూలుగుతున్నాడు, నన్ను కసురుతున్నాడు కూడా. గుండె మాత్రం లేదు! ఓవర్."

అత్తయ్య ఏడుపు సగంలో ఆగిపోయింది. మేనత్తా మేనకోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"సిస్టర్, ఆయన కాళ్ళు మంచం దాటి బయటికొచ్చాయా? ఓవర్."

"పెట్టె వేసి దాని మీద పెట్టామండీ. అక్కడుండి మీకెలా తెలిసింది? ఓవర్!"

ఇంకేం తెలియాలి! గుండె అటుంటే అన్నీ అటే. అందరికీ కుడివైపు వచ్చే అపెండిక్స్ నొప్పి ఆయనకి ఎడమవైపు వచ్చింది. ఎడమ అన్న ఒక్క మాట పట్టుకుని, పేరు లేని ఆ పేషెంటుకి నీళ్ళు పట్టించమంది తను. అది లోపల పగిలిందంటే మనిషి దక్కడు. కోసి తీసేయగల సర్జను ఉన్నది ఈ ఊళ్ళో. మధ్యలో నది.

"స్టెతస్కోపు కుడివైపు పెట్టు తల్లీ" అంది. "నోటి ద్వారా ఇంక ఏమీ ఇవ్వకు. సెలైన్ ఎక్కించు. ఓవర్."

జవాబు ముక్కలు ముక్కలుగా వచ్చింది. అక్కడ రేకుల కప్పు మీద వాన, ఇక్కడ రేడియో నిండా జనం. ఒకడు డీజిలు డ్రమ్ములు రాలేదంటాడు, ఇంకొకడు టైరు పగిలిందంటాడు. సిస్టరు మాట ఆ సంతలో కొట్టుకుపోతోంది.

మైకాసురుడు కుర్చీ వెనక్కి తోసి లేచి నిలబడ్డాడు. "అన్ని స్టేషన్లూ వినండి. నది అవతల మనవాడికి ప్రాణం మీదికొచ్చింది. అందరూ నోళ్ళు మూసుకోండి. ఇదిగో, నేనూ మూసుకుంటున్నా."

నమ్మితే నమ్మండి, తెల్లారింది మొదలు ఊపిరి పీల్చుకోని ఆ రేడియో ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో "టిక్, టిక్" అని రెండు చప్పుళ్ళు. పైలట్! మాట్లాడకుండా మైకు మీట రెండుసార్లు నొక్కితే సరేనని అర్థం. గుడారాలు మోసుకుని ఎటో పోతున్న చిన్న విమానాన్ని మేఘాల్లోనే నది వైపు తిప్పాడన్నమాట.

"సిస్టర్, వాన హోరులో నీ మాటలు అందడం లేదు" అంది డాక్టరమ్మ. "గుండె కొట్టుకున్నప్పుడల్లా గోరుతో మైకు మీద కొట్టు. కాసేపు కొట్టు, కాసేపు ఆగు. విమానం వచ్చేదాకా. ఓవర్."

చప్పుడు వచ్చింది. టక్. టక్. టక్. తొందరతొందరగా, అయినా తప్పకుండా.

డాక్టరమ్మ కళ్ళు మూసుకుంది. ఎన్ని గుండెలు విని ఉంటుంది తను! ఇంత దూరాన్నుంచి, ఒక వానని దాటి, ఒక నదిని దాటి వచ్చిన గుండె ఇదొక్కటే. వింటున్నది తనొక్కతే కాదు. కొండదారిలో లారీలు పక్కకి తీసి ఆపుకున్నారట. స్టీరింగు మీద గడ్డం ఆనించుకుని డ్రైవర్లు విన్నారట. పడవ మీద మందులు తీసుకెళ్ళేవాళ్ళు తెడ్లు పైకెత్తి విన్నారట. ఇంతమంది చెవులు ఒక్క గుండెకి ఒగ్గి కూర్చోవడం ఏ కాలంలో, ఏ రాజుకి జరిగింది చెప్పండి? ఎవరికీ తెలియకూడదని దాచుకున్న గుండెని ఆ మధ్యాహ్నం దేశమంతా చెవి పెట్టి విన్నది. ఎవరిదో మాత్రం ఎవరికీ తెలియదు.

అంతలో చప్పుడు ఆగింది.

కాసేపు ఆగమంది తనే కదా అనుకుంది డాక్టరమ్మ. ఆ కాసేపూ దాటింది. ఇంకాస్త దాటింది. మైకాసురుడి చెయ్యి మైకు మీదికి పోయి, మళ్ళీ వెనక్కి వచ్చింది. అత్తయ్య పెదవులు దేవుడి పేరు జపిస్తున్నాయి. రేడియోలో ఏ మూలనుంచీ దగ్గు కూడా వినపడలేదు.

"సిస్టర్?" అంది డాక్టరమ్మ. చివర అనాల్సిన మాట ఆవిడ నోట రాలేదు.

గరగరమని ఏదో. ఆ తర్వాత, టక్. టక్. టక్.

కప్పు కారి నీళ్ళు రేడియో మీద పడుతుంటే సిస్టరు దాన్ని మంచం కిందికి లాక్కుందట. మంచం కింద తను, పైన ఆయన, మధ్యలో స్టెతస్కోపు గొట్టం! ఆ గోరు చప్పుడు మీద ఇంకో చప్పుడు వచ్చి పడింది, విమానం మోత. బురదలో జారి, పక్కకి తిరిగి, ఎలాగో నిలబడిందట. మైకాసురుడు చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు.

చీకటి పడకముందే నిచ్చెనగారు ఆస్పత్రి బల్ల మీద ఉన్నాడు. సర్జను అలవాటు కొద్దీ ఒక పక్కన నిలబడి, తల అడ్డంగా ఊపి, రెండో పక్కకి వచ్చాడు. డాక్టరమ్మ ఆయన వెనకే నిలబడి చూసింది. లోపల అంతా అద్దంలో చూసినట్టు ఉంది. ఏ ఒక్కటీ తన చోట లేదు, ఏ ఒక్కటీ దారి తప్పలేదు. ఆ అపెండిక్స్ ఉబ్బి, నల్లబడి, ఇంకాసేపట్లో పగలబోతోంది. దాన్ని తీసి పక్కన పెట్టి సర్జను అన్నాడు, "దేవుడు ఎడమచేత్తో సంతకం పెట్టినట్టుందమ్మా." ఆ తర్వాత గదిలో ఉన్న నర్సుల్నందర్నీ దగ్గరికి పిలిచాడు. "చూడండి. మళ్ళీ చూస్తామో లేదో." వాళ్ళు గర్భగుడిలోకి తొంగిచూసినట్టు ఒక్కొక్కరే వచ్చి చూసి వెనక్కి జరిగారు.

డాక్టరమ్మ తిరిగొచ్చేసరికి రేడియో ఇంకా నిశ్శబ్దంగానే ఉంది. మైకాసురుడు మాట్లాడమనలేదు, ఎవరూ మాట్లాడలేదు. ఆవిడ మైకు అందుకుంది.

"ఇటివ్వవే" అని అత్తయ్య లాక్కుంది. "నాయనా, అందరూ వినండి. నేను డాక్టరమ్మ మేనత్తని. పిల్లాడు బతికాడు."

అటునుంచి ఉలుకూ పలుకూ లేదు.

"అత్తయ్యగారూ, చివర ఓవర్ అనాలండీ" అన్నాడు మైకాసురుడు గుసగుసగా. "అనకపోతే వాళ్ళు మాట్లాడరు."

"చస్తే అనను! బతికినవాణ్ణి పట్టుకుని అయిపోయిందంటానా?" అత్తయ్య అటూ ఇటూ చూసింది. కాళ్ళ దగ్గర చెల్లాచెదురుగా పడున్న వారపత్రికలు కనపడ్డాయి. ప్రతి వారం సీరియల్ అడుగున వేసే మాట కూడా కనపడింది. మైకు నోటికి ఆనించి గట్టిగా అంది:

"ఇంకా ఉంది!"

ముందుగా విమానంలోంచి టిక్ టిక్. ఆ వెనకే ఇంకోటి, ఇంకోటి. కొండదారి లారీలు, పడవలు, పేరు తెలియని క్యాంపులు, ఒకదాని మీద ఒకటి, రేకుల మీద తొలి చినుకులు పడ్డట్టు. అవతలి గట్టు నుంచి అన్నిటికన్నా ఆఖరున సిస్టరు గోరు.

నిచ్చెనగారు కోలుకుని మళ్ళీ గుమ్మానికి నమస్కారం పెట్టి క్లినిక్కులోకి వచ్చేసరికి ఆ రేడియోలో ఓవర్ అనేవాడు లేకుండా పోయాడు, అందరూ "ఇంకా ఉంది" అనడమే. పైవాళ్ళు ఇదేం పద్ధతని అడిగితే, మైకాసురుడు తనకేం తెలియదన్నాడట.

డాక్టరమ్మ స్టెతస్కోపు తిన్నగా కుడివైపే పెట్టింది. అవసరమైన దానికన్నా చాలాసేపు విన్నది.

"ఎలా ఉంది డాక్టర్? వెళ్ళొచ్చా?"

"వెళ్ళొచ్చు. ఈసారి మాత్రం వెళ్ళగానే సిస్టరుకి సంగతి చెప్పండి."

"అందరూ విన్నారటగా, ఇంక దాచేదేముంది!" అని నవ్వి, ఆయన అత్తయ్య వైపు తిరిగాడు. "మీరు మాత్రం అసలుది ఇంతవరకూ వినలేదు. ఒట్టు నిలబెట్టుకున్నారు. రండి."

అత్తయ్య చేతులు చీరకి తుడుచుకుని, స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుంది. వంగింది. అత్తయ్య ఏదో ఒక మాట విసురుతుందని డాక్టరమ్మ ఎదురుచూసింది. అత్తయ్య నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం చిన్నపిల్ల కళ్ళలా పెద్దవవుతున్నాయి.

చెక్కగోడ అవతల ఎవడో డ్రైవరు టైరు కావాలని మొదలుపెట్టాడు. అత్తయ్య తల ఎత్తకుండానే చెయ్యి చాపి, గోడ మీద పిడికిలితో రెండుసార్లు కొట్టింది.

"ఉష్!"

టైరు గొడవ ఆగిపోయింది.