బొగ్గుల దారి

గులాబీ కొమ్మను బొటనవేలి గోటితో గీకి, కళ్ళు చికిలించి చూశాడు జెత్రో టిడ్‌బాల్. తొక్క కింద పచ్చగా ఉంది. "నువ్వున్నావు," అన్నాడు. పక్క కొమ్మ గీకాడు. అది కాచి వదిలేసిన టీ రంగులో ఉంది. "నువ్వు పోయావు," అని కత్తెర తీసి మొదలుదాకా కోసేశాడు.

పొద్దున ఎనిమిది నుంచీ ఇదే పంచాయితీ. ఆ ఏడు క్రిస్మస్ మర్నాడు మొదలైన మంచు మార్చి మొదటి వారం దాకా మా ఊరిని వదల్లేదు. ఏది బతికిందో ఏది పోయిందో చూసి చెప్పే పని జెత్రో గోటి మీద పడింది. ఊరంతా ఆ గోటికోసం ఎదురుచూస్తోంది గానీ, మంగళవారం, శుక్రవారం మాత్రం అది ఫర్స్ టీచరమ్మది. ముప్పై ఒక్క ఏళ్ళుగా అంతే.

ఆ తోటలో గుర్రబ్బండి వెనక్కి తిప్పుకునేంత చోటు లేదు. మొక్కల పేర్లు చదివితే మాత్రం మా పాదిరిగారి ప్రసంగం కంటే పొడుగు. హాలీహాక్ కాళ్ళ మధ్య లూపిన్, లూపిన్ చంకలో ఫాక్స్‌గ్లవ్, దాని కొంగు పట్టుకుని ఇంకేదో పసిది. వేసవిలో గాలి దూరడానికే సందుండదు. ఇప్పుడు మార్చిలో చూస్తే నల్లమట్టి, ఎండు పుల్లలు తప్ప ఏమీ కనబడదు. కనబడదు కదా అని కొత్తవాడెవడైనా కాలు పెడితే అది నిద్రపోతున్న ఎవరో ఒకరి నెత్తిమీదే పడుతుంది. ఎక్కడ కాలు పెట్టొచ్చో జెత్రో బూట్లకే తెలుసు. ఆ బూట్లు ఈ తోటలో రాత్రిపూట వాటంతటవే నడవగలవని అతనే సారాకొట్లో చెప్పుకుంటాడు. నమ్మేవాళ్ళు నమ్ముతారు.

ఆ వేళ మాత్రం అతని మనసు గులాబీల మీద లేదు. చూపు మాటిమాటికీ వెనక గుమ్మం దగ్గర పెట్టిన అన్నం డబ్బా మీదికి పోతోంది. రోజూ అందులో ఉండాల్సిన రొట్టె, జున్ను, ఉల్లిపాయ ఆ రోజు కోటు జేబులో నలుగుతున్నాయి. డబ్బాలో తడి న్యూస్‌పేపర్‌లో చుట్టి ఉన్నది వేరే. దాన్ని మధ్యాహ్నం మూడులోపు నేలలో పెట్టాలి. మూడింటికి టీచరమ్మని నెలన్నర తర్వాత మొదటిసారి మంచం మీంచి లేపి, మేడమీది కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెడతారు. మంచంలో పడుకుంటే ఆమెకు ఆకాశం, ఆపిల్ చెట్టు కొస మాత్రమే కనిపించేవి. కుర్చీలో కూర్చుంటే గోడ మొదలు దాకా కనిపిస్తుంది.

గోడ మొదట్లో ఏముందో చూస్తే ఆమెకు సంగతి తెలిసిపోతుంది. అక్కడ ఏమీ లేదు.

ఉండవలసింది ముద్ద ప్రిమ్‌రోజ్. లేత ఊదారంగు, రేకుమీద రేకు, చిన్న చామంతి అంత ముద్దగా పూస్తుంది. ఆ జాతి విత్తనం కట్టదు. ఎవరైనా పిలక విడదీసి ఇంకొకరి చేతిలో పెడితేనే దానికి సంతానం. జెత్రో వాళ్ళమ్మ గుడిసె ముందునుంచి అది కదిలి ఇక్కడికి వచ్చింది, ముప్పై ఒక్క ఏళ్ళ కిందట, అతను పనిలో చేరిన రోజున. కొత్తగా ఊరి బడికి వచ్చిన ఫర్స్ టీచరమ్మ దాన్ని రెండు చేతులతో అందుకుని థాంక్స్ చెప్పబోయింది. జెత్రో ఆపేశాడు. మొక్క తీసుకున్నవాళ్ళు థాంక్స్ అనకూడదు, అంటే అది బతకదు. ఇది మా ఊళ్ళో పసిపిల్లకి కూడా తెలుసు. టీచరమ్మ పట్నం మనిషి. కొత్త పాఠం నేర్చుకున్న పిల్లలా తల ఊపింది.

ఏ పాఠాన్నీ సగం నేర్చుకునే మనిషి కాదు ఆమె. ఆ రోజునుంచి జెత్రోకి దేనికీ థాంక్స్ చెప్పలేదు. కట్టెలు కొట్టినా, పొగగొట్టంలో కాకిగూడు తీసినా, "సరే జెత్రో," అనేది. మొక్కకి పెట్టిన నియమం తనకే చుట్టుకుందని అతను పెళ్ళాం థిర్జా దగ్గర నవ్వుతూ మొదలుపెట్టి, కొన్నేళ్ళకి నవ్వడం మానేశాడు. పదకొండేళ్ళ కిందట థిర్జా పోయినప్పుడు అతని పెరట్లో మూలమొక్క లేదు, కోళ్ళు ఎప్పుడో గీకిపారేశాయి. టీచరమ్మే తన దుబ్బులోంచి ఒక పిలక విడదీసి, సమాధి దగ్గర పెట్టమని ఇచ్చింది. అతనూ థాంక్స్ అనలేదు.

ఇంత కథ ఉన్న మొక్కని జనవరిలో జెత్రో తన చేతులతోనే చంపాడు.

వెనక గుమ్మం నుంచి బొగ్గుల కొట్టుకి దారి ఆ గోడ పక్కనుంచే. మంచు నడుముదాకా పడింది. మేడమీద ఆమె గుండెజబ్బుతో ఉంది. గదిలో నిప్పు ఆరితే లాభం లేదు. పార పట్టుకుని దిగాడు. చేతులు కొయ్యబారి, కళ్ళలో నీళ్ళు గడ్డకట్టి, ఒడ్డు కానక దారిని ఒక బారెడు వెడల్పు ఎక్కువ తీశాడు. మంచు మొక్కకి దుప్పటి. దుప్పటి ఉన్నంతసేపూ కింద ఏమీ కాదు. లాగేసి మూడు వారాల గడ్డకట్టే పొడిచలికి వదిలేస్తే రాయి కూడా పగులుతుంది. యాభై ఏళ్ళుగా ఊరందరికీ చెబుతున్న ఆ మాట ఆ వేళ తనకే గుర్తు రాలేదు.

ఆమె పైనుంచి అడిగించేది, ప్రిమ్‌రోజ్ ఎలా ఉందని. మొదటిసారి, మంచు కింద తల్లి కడుపులో ఉన్నట్టుంది అని చెప్పి పంపాడు. తర్వాత ఆకు వేసిందన్నాడు. ఆ పై వారం మొగ్గ తొడిగిందన్నాడు. నేలలో కుళ్ళిపోయిన మొక్క జెత్రో నోట్లో దివ్యంగా పెరుగుతోంది. కబుర్లు మోసేది ఇంటిపని చేసే బెరిల్ ప్రౌజ్. గోడ మొదలు రోజూ చూసే మనిషే, అయినా ఒక్క ముక్క మార్చకుండా మోసింది. పోయిన శుక్రవారం మాత్రం తలుపు దగ్గర నిలబెట్టి చెప్పింది.

"తాతా, మంగళవారం కుర్చీలో కూచోబెట్టమన్నారు డాక్టరుగారు. ఈలోగా నీ మొగ్గలకి ఒక మొక్కని వెతుక్కో."

ఊళ్ళో ఆ మొక్క ఇంకెక్కడా లేదు, ఒక్కచోట తప్ప. చర్చి వెనక ఉత్తరపు గోడకి మంచు తాటిప్రమాణం పేరుకుని థిర్జా మీది దుబ్బుని వెచ్చగా కాపాడింది. ఆ మంగళవారం తెల్లవారగానే వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, ఏమని అడగాలో తెలియక కాసేపు మంచు రోజుల కబుర్లు చెప్పాడు. తర్వాత కత్తితో సరిగ్గా సగానికి కోశాడు. పెద్ద సగం ఎవరికి ఉంచాలో తేలక రెండుసార్లు కొలిచాడు.

పదకొండున్నరకి గొయ్యి తీశాడు. చచ్చిన దుబ్బుని, నల్లటి జిగురులా ఉన్న వేళ్ళని, సంచిలో వేసి దాచాడు. కొత్తదాన్ని పెట్టి మడమతో అదిమాడు, గోరువెచ్చని నీళ్ళు పోశాడు. ఇప్పుడిక దొంగపని మొదలైంది. తాజా మట్టి కనబడకుండా పాత ఆకులు తెచ్చి కప్పాడు. అవి మరీ కుదురుగా ఉన్నాయనిపించి చెదరగొట్టాడు. ఒక ఎండుపుల్లని అడ్డంగా పడేశాడు. దూరం జరిగి చూసి, ముందుకొచ్చి ఆ పుల్లని అర అంగుళం జరిపాడు. దుబ్బులో రెండు మొగ్గలు, ఒకటి అప్పుడే రేకు విప్పుతోంది. బెరిల్ వేణ్ణీళ్ళ చెంబు తీసుకెళ్ళడానికి వచ్చి చూసి, పెదవి బిగించి నవ్వు ఆపుకుని లోపలికి పోయింది.

అలవాటు ప్రకారం బొగ్గులు నింపుకొచ్చి వెనక మెట్టు మీద పెట్టాడు. బకెట్ పిడి తలుపు వైపుకి వాల్చి పెట్టడం అతనికి ముప్పై ఏళ్ళ అలవాటు. టీచరమ్మ నడుం పూర్తిగా వంచక్కర్లేకుండా చేతికి అందేది. ఇప్పుడు అందుకునేది బెరిల్ అయినా చెయ్యి అలాగే వాల్చింది.

మూడింటికి కిటికీలో ఆమె ముఖం కనబడింది. జెత్రో లావెండర్ దగ్గర వంగి ఏమీ చెయ్యకుండా చాలా పని చేశాడు. ఆమె ముందు దూరంగా చూసింది, తర్వాత దగ్గరకి, తర్వాత సరిగ్గా కిందికి. అక్కడే చాలాసేపు ఉండిపోయింది. చివరికి వేలు ఎత్తి, బడిలో వెనక బెంచీవాణ్ణి పిలిచినట్టు, రమ్మంది.

ముప్పై ఒక్క ఏళ్ళలో అతను ఆ మెట్లెక్కడం అదే మొదలు. బూట్లు విప్పాడు. ఎడమ మేజోడులోంచి బొటనవేలు బయటికి చూస్తోంది. కుడిపాదం దానిమీద వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. శాలువాలో ఆమె వెదురుపుల్లకి తొడిగిన చొక్కాలా ఉంది. గొంతు మాత్రం బడిగంటే.

"పూసింది," అంది.

"పూసింది టీచరమ్మా. నే చెప్పలా."

"చెప్పావు. మీ నాన్న ఆవు పాలు పితుకుతుంటే ధార గాల్లోనే గడ్డకట్టిందనీ, విరిచి కట్టలు కట్టి గజాల లెక్కన అమ్మాడనీ కూడా చెప్పావు."

"అది నిజం."

"గజం ఎంతకి అని అడిగితే మర్చిపోయానన్నావు." ఊపిరి తీసుకుంది. "జనవరిలో నాకింకా లేచి నిలబడే ఓపిక ఉంది జెత్రో. ఈ కిటికీ దగ్గరే నిలబడ్డాను. నువ్వు దాని మీది మంచు తీసేస్తుంటే ఉంగరంతో అద్దం మీద కొట్టాను. పది సార్లు కొట్టాను. నువ్వు తలెత్తి, టోపీ తీసి ఊపావు."

అతనికి గుర్తొచ్చింది. ఎంత గౌరవంగా ఊపాడో కూడా గుర్తొచ్చింది. తన కాలివేళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకడిగారు?"

"ఏదో ఒక వారం నిజం చెప్తావేమోనని. చెప్పలేదు. తర్వాత ఆ అబద్ధం ఎంత ఎదిగిందో వినాలనిపించింది." కిందికి చూసింది. "అది థిర్జా దగ్గరిదేనా?"

తల ఊపాడు.

"ఆమెకి ఉంచావా?"

"పెద్ద సగం."

పొయ్యిలో బొగ్గు ఒకటి విరిగి కూలింది. తర్వాత, హాజరు పిలిచినంత మామూలుగా, "థాంక్స్ జెత్రో," అంది.

వద్దు వద్దన్నట్టు చెయ్యి ఎత్తాడు. "ఆ మాట అనకూడదు టీచరమ్మా. ఇప్పుడే కదా నాటాను, వేరు కూడా పట్టలేదు. మీకు తెలీనిదా."

"మొక్కకి ఎవరన్నారు? నియమం నాకు నీకంటే బాగా తెలుసు." వేలితో పొయ్యి వైపు చూపించింది. "బొగ్గులకి."

లేనిది ఉన్నట్టు చెప్పడంలో మా ఊళ్ళో జెత్రోని మించినవాడు లేడు. ఉన్నదాన్ని చేతిలో పెడితే మాత్రం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "సరే టీచరమ్మా," అన్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆమె తనకి చెప్పిన జవాబే అది అని సగం మెట్లు దిగాక తట్టింది.

శుక్రవారం అతను గేటు తీసేసరికి పైకిటికీ తెర మూసి ఉంది. పొద్దున తొమ్మిదైనా మూసి ఉంది. బెరిల్ వెనక గుమ్మంలోకి వచ్చింది. ఆ రోజు ఎకసెక్కాలు లేవు.

"నిన్న పొద్దున టీ తీసుకెళ్ళాను తాతా. అప్పటికే అయిపోయింది. నిద్రలోనేనన్నారు డాక్టరుగారు."

కుర్చీలోనా మంచంలోనా అని అడిగాడు. మంచంలోనే అంది. బుధవారం మాత్రం ఎంత చెప్పినా సాయంత్రం దాకా కిటికీ దగ్గర్నుంచి కదల్లేదంది. ఆమె మేనల్లుడు ఎవరో ఆదివారం వస్తాడట, ఇల్లు అమ్మకానికి పెడతాడట.

కొనేవాళ్ళ బూట్లు ఎవరెవరి నెత్తిన పడతాయో అన్న ఆలోచన ఒకటి వచ్చింది. దాన్ని పక్కకి నెట్టి కత్తెర తీశాడు. శుక్రవారం పని శుక్రవారమే చెయ్యాలి. హాలీహాక్ చుట్టూ బూడిద చల్లాడు. మంచు ఎగదన్నిన పింక్ పూలమొక్కల వేళ్ళని మడమతో అదిమాడు. మిగిలిన గులాబీలు గీకి, బతికినవాటితో ఉన్నావన్నాడు, పోయినవాటితో ఏమీ అనలేదు. గోడ మొదట్లో రెండో మొగ్గ కూడా విచ్చుకుంది. ఆకు కొస వేలితో ఎత్తి చూశాడు. వాడలేదు. గాలికి ఒక ఎండుటాకు వచ్చి దానిమీద పడితే తీసి పారేశాడు.

ఒంటిగంటకి పని ముగించి, ఏమీ ఆలోచించకుండా బొగ్గుల కొట్టుకి వెళ్ళి బకెట్ నింపుకొచ్చాడు. మెట్టు మీద పెట్టి నడుం ఎత్తాక గానీ తెలియలేదు. పైన పొగగొట్టంలో పొగ లేదు. బకెట్ వెనక్కి తీసుకెళ్ళడానికి వంగాడు, చెయ్యి రాలేదు. టోపీ తీశాడు. మూసిన కిటికీ వైపు ఒకసారి ఊపి, పెట్టుకుని, గేటు గొళ్ళెం శబ్దం కాకుండా వేసుకుని వెళ్ళిపోయాడు.

వెనక మెట్టు మీద బొగ్గుల బకెట్ అంచుదాకా నిండి ఉంది, పిడి తలుపు వైపుకి వాలి.