బల్లకట్టుకు గరుకు రంగు

మా బల్లకట్టు ఎక్కేవాళ్లెవరైనా చెప్పులు విప్పి చేత్తో పట్టుకోవాల్సిందే. అది మా నాన్న పెట్టిన రూలు. మిరప బస్తాలతో కృష్ణ దాటే పెద్ద పెద్ద ఆసాములు కూడా ఆయన ముందు వట్టికాళ్లతోనే నిలబడేవాళ్లు. "అన్నం పెట్టేదాన్ని చెప్పుకాళ్లతో తొక్కుతారా?" అని కేకలేసేవాడు. ఒకసారి ఓ పెళ్లికొడుకు కొత్త బూట్లు చంకలో పెట్టుకుని అవతలి ఒడ్డుకి వెళ్లాడు. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

నాన్న పోయి పన్నెండేళ్లు. ఆయన కాలం నుంచీ పాదాల రాపిడికి చెక్కలు నున్నగా తేలాయి. జారకుండా రంగు వెయ్యమని ఎంతమంది చెప్పినా నేను వినలేదు. ఆ నునుపు మా నాన్నది, ఎవడు ముట్టుకుంటాడో చూస్తానన్నాను. నెల క్రితం వానకి తడిసిన చెక్క మీద వెంకటేశ్వరమ్మక్క జారిపడింది. చెయ్యి విరిగింది. అవతల ఆవిడకి ఎకరం మిరపచేను ఉంది. అప్పటినుంచి నా బల్లకట్టు ఎక్కడం మానేసి, బస్సులో వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్తోంది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. నా మొండితనమే ఆవిడ చెయ్యి విరగ్గొట్టింది.

ఎండలు పడ్డాక మూడు రోజులు రేవు ఆపేశాను. చెక్కలు కడిగి ఆరబెట్టి గరుకు కాగితంతో రుద్దాను. నాన్న అరికాళ్ల నునుపంతా పొడిగా రాలుతుంటే ఏడుపొచ్చింది. రంగు మొదటి పూత తడిగా ఉండగానే మా ఆవిడ జుబేదా, కడిగి ఎండబెట్టిన సన్న ఇసుకని జల్లెడతో చల్లింది.

"ఇక ఈ జల్లెడ మీ బల్లకట్టుకే. నాకు కొత్తది తెండి," అంది.

ఆరాక పైన ఇంకో పూత వేశాను. అది కూడా ఆరాక వట్టికాళ్లతో నడిచి చూశాను. జారలేదు గానీ ఇసుక గరుకుకి అరికాళ్లు మండిపోయాయి.

నాలుగో రోజు పొద్దున, నేను కబురు పెడితే వెంకటేశ్వరమ్మక్క రేవుకొచ్చింది. చేతికింకా కట్టు ఉంది. ఎప్పట్లాగే వంగి, ఒంటిచేత్తో చెప్పులు తియ్యబోయింది.

"తియ్యొద్దక్కా. అట్టాగే రా," అన్నాను.

"ఏందిరా సుభానీ! మీ నాయన ఊరుకుంటాడా?"

"ఊరుకోడు. ఆ తిట్లేవో నేను పడతాలే. నువ్వు రా."

ఆవిడ నా మొహంలోకి చూసింది. మంచి చెయ్యి నా భుజం మీద వేసి, చెప్పులతోనే అడుగుపెట్టింది. జారలేదు. వెనకున్నవాళ్లు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుని, చేతుల్లో చెప్పులు కింద పడేసి తొడుక్కున్నారు. మా బల్లకట్టు మీద చెప్పుల చప్పుడు వినడం నాకదే మొదలు.

నేను మాత్రం వట్టికాళ్లతోనే ఇంజను దగ్గరికి నడిచాను. మంటగానే ఉంది. ఉండనీ.