కోయని ఆకు

చౌడమ్మ పోయి రెండేళ్ళయినా మునిశామప్ప మల్బరీ తోటకు నీళ్ళు కడుతూనే ఉన్నాడు. ఇంట్లో పట్టుపురుగులు లేవు. వాటిని పెంచింది ఆమె. ఆకు చేతివెడల్పున పెరిగి, పండి, రాలిపోయేది. సోమేనహళ్ళిలో అందరూ చూసేవాళ్ళు, ఎవరూ పల్లెత్తు మాట అనేవాళ్ళు కాదు. మునిశామప్ప చర్చి సంఘ పెద్ద. తాగడు, అబద్ధమాడడు, రొట్టె తీసుకునే ప్రభువు బల్ల ఒక్కసారి తప్పలేదు. చర్చిలో కూర్చుంటే గోడకు దిగ్గొట్టిన మేకులా ఉంటాడు.

గురువారం పొద్దున పక్క తోట లక్ష్మణప్ప వచ్చి గట్టు అవతలే నిలబడ్డాడు.

"అన్నా, బోరు ఎండిపోయింది. పురుగులు నాలుగో జ్వరం లేచి ఉండాయి. ఇంకా ఐదు దినాల మేత కావల్ల. యాడా ఆకు దొరకలే."

నాలుగోసారి కుబుసం విడిచిన పురుగుకు ఆకలి ఎక్కువ. అప్పుడు మేత తప్పితే గూడు కట్టదు. ఆ సమయంలో పగవాడు అడిగినా ఆకు లేదనరాదని ఆ ఊళ్ళ కట్టుబాటు. 'పురుగు ఎవరిదైనా ఆకలి ఒకటే' అనేది చౌడమ్మ.

ఆ చౌడమ్మే రొమ్ము పట్టుకుని వాకిట్లో కూలబడిన పొద్దు, లక్ష్మణప్ప టెంపో టమోటాలతో చింతామణికి బయలుదేరుతోంది. ఆమెను ఆసుపత్రికి చేర్చమని మునిశామప్ప అడ్డం పడి చెయ్యెత్తాడు. "మార్కెట్లో దించేసి చిటికెలో వస్తానన్నా" అని లక్ష్మణప్ప పోయాడు. తిరిగొచ్చేసరికి ఆమె మొహాన గుడ్డ కప్పి ఉంది.

"నీకు టెంపో ఉండాది కదప్పా," అన్నాడు మునిశామప్ప. "పురుగులకు దాన్నే మేపు."

లక్ష్మణప్ప తల వంచుకుని వెళ్ళిపోయాడు. ఆ పొద్దు మునిశామప్ప రాగిముద్ద ఎప్పటికన్నా ఎక్కువే తిన్నాడు.

ఆదివారం ప్రభువు బల్ల. "దినదినమూ యేసు పోలికలోకి మారాల," అన్నారు పాస్టరు అయ్యగారు. "తనను శత్రువులకు పట్టించేవాడని తెలిసి కూడా ఆయన ఆ శిష్యుడికి రొట్టెముక్క అందించినాడు."

మునిశామప్ప ఆ మాట వందసార్లు విన్నాడు. రొట్టె నోట్లో పెట్టుకున్నాడు. నమిలేకొద్దీ నోరంతా అదే అయింది. అవతల ఆడవాళ్ళ చాప మీద చౌడమ్మ కూర్చునే చోట వేరెవరో కూర్చుని ఉన్నారు. ఆశీర్వాదం కాకముందే లేచి బయటికొచ్చాడు.

తెల్లబట్టలతోనే తోటలోకి దిగాడు. ఎండలో కోసిన ఆకు వాడిపోతుందని తెలుసు. అయినా కోశాడు. తడి గోనె కప్పి, మోపు నెత్తిన పెట్టుకుని గట్టు దాటాడు.

లక్ష్మణప్ప పురుగుల ఇంటి తలుపులు తెరిచి ఉన్నాయి. అతని భార్య ఆశా ఎరువుగుంట దగ్గర ఖాళీ తట్టలు దులుపుతోంది. గుంట నిండా పురుగులు. కొన్ని ఇంకా తలలెత్తి అటూ ఇటూ వెతుకుతున్నాయి.

"ఇప్పుడొస్తివా అన్నా?" అందామె. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

లక్ష్మణప్ప బయటికొచ్చాడు. "ఒక తట్ట మిగిలింది. అవీ తినేట్టు లేవు."

మునిశామప్ప మోపు దించకుండా నిలబడ్డాడు. తడి గోనె నీళ్ళు మొహం మీదికి కారుతున్నాయి.

"యేసు మాదిరి కావల్లని నలభై ఏండ్లు చర్చికి పోతి, లక్ష్మణా. నీ మాదిరి అయితిని."

లక్ష్మణప్ప మోపుకు చెయ్యి వేసి దించాడు.

ఇద్దరూ మిగిలిన తట్ట మీద ఆకు పరిచారు. క్షమించానని మునిశామప్ప అనలేదు, క్షమించమని అడగనూ లేదు. పురుగులు మేస్తుంటే ఇంటి మీద వాన పడుతున్నట్టు చప్పుడవుతుంది. చౌడమ్మ బతికున్నప్పుడు ఆ చప్పుడులోనే అతను నిద్రపోయేవాడు.

తట్ట మీదికి వంగి చెవి పెట్టాడు. చాలాసేపు అట్లాగే ఉన్నాడు. ఏ చప్పుడూ వినిపించలేదు.