నో ఫ్లాష్

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి ముందే చెప్పేస్తే తరవాత ఎవరూ ఆశ్చర్యపోనక్కర్లేదు. పేపరాఫీసులో ముప్ఫై ఏళ్లు సబ్ ఎడిటర్‌గా చేశాను. ఎవరో రాసిన పది మాటల్ని మూడు మాటలకు కుదించడం, తప్పులు దిద్దడం, ఇదే నా పని. ఆ అలవాటు ఇంటిదాకా వచ్చింది. "ఈయన ఉత్తరం రాస్తే టెలిగ్రాం అనుకుని అవతలివాళ్లు ఏడుపు మొదలెడతారు" అనేది మా ఆవిడ.

ఇప్పుడు మెట్రోలో పంజగుట్ట దాటి అమీర్‌పేట వస్తుంటే, కిటికీ పక్కన నిలబడి చూస్తే, ఒక సందు మొగలో మూడంతస్తుల మేడ కనిపిస్తుంది. దాని పై అంతస్తు హాల్లో ఒకప్పుడు మా రైలు తిరిగేది. పదహారు అడుగుల బల్ల మీద, అరచెయ్యంత స్టేషను, అగ్గిపెట్టెలంత పెట్టెలు. మెట్రో ఎక్కిన ప్రతిసారీ ఆ మేడ వచ్చేదాకా మెడ తిప్పుకుని నిలబడతాను. పక్కవాళ్లు నన్ను తోసి దిగిపోతుంటారు.

బొమ్మరైళ్ల క్లబ్బు అని పేరే గాని ఉన్నది ఇద్దరం. నేను, హైదర్ భాయ్. హైదర్‌కి సనత్‌నగర్‌లో లేతు మిషను షెడ్డు ఉండేది. పగలంతా ఫ్యాక్టరీలకు బోల్టులు, బుష్‌లు తీసి, సాయంత్రం అదే చేత్తో ఇత్తడి మీద రైలింజను చెక్కేవాడు. చిన్నప్పుడు బొల్లారంలో చూసిన మీటర్ గేజీ ఇంజను అది. రెండేళ్లు పట్టింది. దానికి 'బేగం' అని పేరు పెట్టాడు. "ఎందుకు భాయ్ ఆ పేరు?" అంటే, "ఎప్పుడు కదుల్తదో, ఎప్పుడు అలుగుతదో నాకే తెల్వదు సాబ్" అన్నాడు.

హాలు జానకీదేవి గారిది. ఆవిడ భర్త రైల్వే గార్డుగా చేసి పోయారు. బల్ల మీద రైలు తిరుగుతుంటే ఆవిడ తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూచుని, "మా వారైతే ఈపాటికి పచ్చజెండా ఊపేవారు" అనేవారు. ఆరేళ్లు మమ్మల్ని ఉండనిచ్చారు. రెండువేల ఒకటిలో ఆ హాలు కూడా ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌కి ఇవ్వాల్సి వచ్చింది. ఆవిడ తప్పేం లేదు. కింది అంతస్తులన్నీ అప్పటికే కంప్యూటర్లతో నిండిపోయాయి. మెట్ల మీద జావా అనీ ఒరాకిల్ అనీ కలవరించే పిల్లల్ని తప్పించుకుంటూ మేం ఇంజను మోసుకుని ఎక్కేవాళ్లం. సోమవారం పొద్దున క్యాబిన్లు కట్టే వడ్రంగులు వస్తారని చెప్పారు. మా బల్ల ఆ గదిలోనే కట్టింది. మెట్ల మీంచి దిగదు. కోసెయ్యాల్సిందే.

అందుకే ఆఖరి శని, ఆదివారాలు ప్రదర్శన పెట్టాం. హైదర్‌కి ఒక్కటే కోరిక: చెయ్యి పడని రౌండు. మూడు రైళ్లు, పదకొండు నిమిషాలు. ఒకదానికొకటి దారి ఇచ్చుకుంటూ, సిగ్నళ్ల దగ్గర వాటంతటవే ఆగుతూ, వాటంతటవే కదులుతూ, మళ్లీ బయల్దేరినచోటికి రావాలి. ఆరేళ్లలో ఒక్కసారీ అది జరగలేదు. ఎక్కడో అక్కడ ఒక పెట్టె పట్టాలు తప్పేది, ఎవరిదో ఒక వేలు పడేది. "బల్ల కోసేలోపు ఒక్కసారి సాబ్. ఒక్కసారి అయితే చాలు" అనేవాడు.

ఇందులో ఒక కిటుకు ఉంది. పట్టాల మధ్య హైదర్ శనగబద్దంత బిళ్లలు బిగించాడు. వాటికి వెలుతురు తెలుస్తుంది. మీద రైలు నిలబడితే నీడ పడుతుంది, వెనక సిగ్నలు ఎర్రబడుతుంది, వెనక రైలు ఆగుతుంది. నీడ పోతే దారి ఖాళీ అని పచ్చదీపం. అందుకని కిటికీలకు దుప్పట్లు కట్టి, బల్ల పైన రెండే బల్బులు వేలాడదీశాం. మధ్యలో ఎవరైనా కెమెరా ఫ్లాష్ కొడితే, రైలు నిలబడి ఉండగానే బిళ్ల దారి ఖాళీ అనుకుంటుంది, వెనక రైలు కదిలిందంటే ఇక ఆగదు.

వచ్చేవాళ్లకు మర్యాదలు నేర్పే బాధ్యత నాది. మొదట పదకొండు సూత్రాలు రాశాను. బల్ల మీద మోచేతులు ఆనించకండి, తినే వస్తువులు తేకండి, పిల్లల్ని ఎత్తుకుని చూపించండి, ఒక్కరే ముందు నిలబడి మిగతావాళ్లకు అడ్డం రాకండి, అడిగి ఫోటో తీసుకోండి, ఇలా. తరవాత నా వృత్తి నన్ను ఊరుకోనివ్వలేదు. కొట్టేస్తూ కొట్టేస్తూ మూడు బోర్డులకు తెచ్చాను: తాకరాదు. ఆనరాదు. నో ఫ్లాష్.

"జర వివరంగ రాయండి సాబ్. ఎందుకో సుత చెప్పాలె" అన్నాడు హైదర్.

"ఎందుకో చెప్పడం మొదలెడితే అది బోర్డు కాదయ్యా, సంపాదకీయం" అన్నాను.

మొదటి రెండూ హాల్లో పెట్టి, 'నో ఫ్లాష్' మాత్రం కింద గేటుకి కట్టాను. కెమెరా ఉన్నవాళ్లు మెట్లెక్కకముందే చూడాలని.

శనివారం జనం బాగానే వచ్చారు. జనం అంటే మనుషులే కదా, అన్ని రకాలూ వచ్చారు. ఒకాయన మిర్చిబజ్జీల పొట్లం తెచ్చి మా ప్లాట్‌ఫారం మీద పెట్టాడు. ఇంకొకాయన షాకు కొడుతుందేమో చూద్దామని స్కూటరు తాళం పట్టాల మీద వేశాడు. మూడు కాళ్ల స్టాండు తెచ్చిన ఒక ఫోటోగ్రాఫరు, వెనక పాతికమంది మునివేళ్ల మీద నిలబడి ఉంటే, పావుగంట కదల్లేదు. అందరినీ తిట్టాను. వీటన్నిటికీ మించి నన్ను మండించింది ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల నుంచి వచ్చిన ముగ్గురు కుర్రాళ్లు.

"సార్, ఫ్లాష్ లేదా? ఎప్పటినుంచి మొదలుపెడ్తరు?" అన్నాడు ఒకడు.

"ఎప్పటికీ మొదలెట్టం!"

"పోనీ జావా ఉన్నదా సార్?"

వేళాకోళం ఆడుతున్నారని మెట్లదాకా తరిమాను.

నాలుగింటికి ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై రెండేళ్లుంటాయి. మెళ్లో నల్ల కెమెరా. తోసుకోలేదు, బల్లని ఆనుకోలేదు. రైలెత్తుకి కళ్లు రావాలని మోకాళ్ల మీద కూచుంది. ఫరవాలేదు, పద్ధతి తెలిసిన పిల్ల అనుకున్నాను. స్టేషన్లో గూడ్సు నిలబడి ఉంది. వెనక మలుపులో, ఎర్రదీపం దగ్గర, బేగం ఆగి ఉంది. అప్పటికి ఎనిమిది నిమిషాలు చెయ్యి పడలేదు. అవతలి పక్క చీకట్లో హైదర్ ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.

తళుక్కుమని ఫ్లాష్ వెలిగింది. మలుపులో ఎర్రదీపం పచ్చబడింది. బేగం కదిలి, వేగం అందుకుని, నిలబడ్డ గూడ్సుని గుద్దింది. ఇంజను బల్ల అంచు దాటి సిమెంటు గచ్చు మీద పడింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"చదువుకున్నదానివేనా నువ్వు?" హాలు దద్దరిల్లేలా అరిచాను. "కింద అంత బోర్డు పెడితే కళ్లు కనబడలేదా?"

ఆ పిల్ల లేచి నిలబడింది. "కనవడ్డది సార్. గిక్కడ ఫ్లాష్ చెప్పరని రాసిన్రు గదా. నేను పక్క సందుల ఫ్లాష్ అనే కంప్యూటర్ కోర్సే చేస్తున్న. నాకు ఆల్రెడీ సీటున్నది గదా, ఇక్కడ లేకుంటే ఏమాయె అని పైకొచ్చిన."

ముందు నవ్వింది హైదర్. నేల మీద కూచుని, విరిగిన బేగంని ఒళ్లో పెట్టుకుని, కళ్లల్లో నీళ్లతో నవ్వాడు. "సాబ్, కిందికి పోయి మీరే చూడండి" అన్నాడు.

వెళ్లి చూశాను. గేటుకి ఎడమవైపు 'ఒరాకిల్, కొత్త బ్యాచ్'. కుడివైపు 'ఫ్లాష్, వెబ్ డిజైనింగ్, సీట్లు కొన్నే'. మధ్యలో, అదే నీలం రంగులో, అంతే అక్షరాల్లో నా బోర్డు: నో ఫ్లాష్. రైలని లేదు, కెమెరా అని లేదు. అమీర్‌పేటలో, ఆ ఏడాది, ఆ మాటకి ఇంకో అర్థం తోచే మనిషి నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఆ కుర్రాళ్లు ముగ్గురూ గుర్తొచ్చి సిగ్గేసింది.

సిగ్గేసింది గాని క్షమించమని అడగలేదు. పైకెళ్లి, "సరే, ఇకమీదట చూసుకో" అన్నాను. నా సంస్కారం అంతవరకే.

హైదర్ బేగంని చేతిరుమాల్లో చుట్టాడు. చక్రాల్ని కలిపే కడ్డీ విరిగింది, ముందు భాగం సొట్టపోయింది. "రేపు పగటీలికి తెస్తా. ఫికర్ చెయ్యకండి" అన్నాడు. ఫికర్ చెయ్యొద్దన్న మనిషే ఆ మూట విప్పి చూసి మళ్లీ కట్టాడు.

ఆదివారం నేను వెళ్లేసరికే ఆ పిల్ల గేటు దగ్గర స్టూలెక్కి ఉంది. పేరు రవళి అట, సిద్దిపేట వైపు. నా బోర్డు తీసేసి చార్టు కడుతోంది. "ఇక్కడ ఫ్లాష్ కోర్సు చెప్పరు. కెమెరా ఫ్లాష్ సుత కొట్టొద్దు. కొడితే దారి ఖాళీ అనుకొని రైళ్లు గుద్దుకుంటయి. నిన్న నేనే గుద్దిపిచ్చిన. ఫోటో కావాలంటె అడుగున్రి." ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో నేనైతే అందులో సగం కొట్టేసేవాణ్ణి. ఒక్కమాట కూడా కొట్టెయ్యడానికి మనసొప్పలేదు.

అది చాలదన్నట్టు మిగిలిన చార్టుని అట్టముక్కలుగా కోసింది. ఒక్కోదాని మీద 'ప్లాట్‌ఫారం టికెట్టు. రెండు చేతుల్తో పట్టుకోవలెను' అని రాసి, వచ్చినవాళ్లందరికీ పంచింది. చేతికి పని దొరికితే మనిషి బల్ల మీద చెయ్యి వెయ్యడని నాకు ఆరేళ్లలో తట్టలేదు. అరవై ఏళ్ల పెద్దమనుషులు కూడా ప్రసాదం పట్టుకున్నట్టు ఆ అట్టముక్క పట్టుకుని నిలబడ్డారు. జానకీదేవి గారైతే, "నా ఇంట్లో నాకూ టికెట్టేనా?" అని నవ్వుతూ తీసుకున్నారు.

హైదర్ రెండింటికి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి గాని బేగంకి కొత్త కడ్డీ పడింది. మొదటి రౌండు నాలుగో నిమిషంలో పెట్టె జారింది. రెండోది తొమ్మిదో నిమిషంలో పోయింది. ఆరింటికి హాలు ఖాళీ చెయ్యాలి. అయిదున్నరకి ఆఖరిసారి స్విచ్చి వేశాడు.

ఆ పదకొండు నిమిషాల గురించి ఎంత చెప్పినా తక్కువే. గూడ్సు వచ్చి ఆగింది. ప్యాసింజరు దాన్ని దాటింది. మలుపులో బేగం ఎర్రదీపం చూసి బుద్ధిగా నిలబడింది. నలభైమంది ఉన్నారు, దగ్గు కూడా లేదు. హైదర్ తన రెండు చేతుల్నీ వెనక్కి కట్టుకున్నాడు, తన వేలే పడుతుందేమోనని.

పదో నిమిషంలో గోడ పక్కన కదలిక కనిపించింది. రవళి. కెమెరా కొంచెం ఎత్తి, ఫ్లాష్ ఆపే బొత్తాం మీద వేలు పెట్టి నాకు చూపించింది. ఫ్లాష్ ఆపేశాను, తియ్యనా అని కళ్లతో అడిగింది. పొరపాటున అది వెలిగితే? తల అడ్డంగా ఊపాను. బేగం ఆఖరి సిగ్నలు దాటుతుంటే మళ్లీ అడిగింది. ఈసారి వేలెత్తి బెదిరించాను. ఆ పిల్ల కెమెరా దించేసింది.

బేగం వచ్చి బయల్దేరినచోట ఆగింది. చెయ్యి పడలేదు.

ముందు ఎవరూ చప్పట్లు కొట్టలేదు, చేతుల్లో టికెట్లు ఉన్నాయి కదా. తరవాత హాలంతా మోగిపోయింది. జానకీదేవి గారు కొంగుతో కళ్లొత్తుకున్నారు. నేనూ ఏడ్చాను, దాచుకోవడం దేనికి. హైదర్ మాత్రం ఆ చప్పట్లలో ఎవరికోసమో వెతికాడు. రవళి కనబడగానే చిన్నపిల్లాడిలా అడిగాడు.

"ఫోటో వచ్చిందా బేటీ?"

రవళి నా వైపు చూసింది. ఒక్క క్షణమే. "రీలు అయిపోయింది అంకుల్. నిన్ననే అయిపోయింది, చూస్కోలే. తప్పు నాదే" అంది.

"పర్వా లేదు, పర్వా లేదు" అన్నాడు హైదర్. కాని మొహం కాస్త వాడింది.

ఆ పిల్ల దించి పెట్టిన కెమెరా కిటికీ గూట్లో నా మోచేతి పక్కనే ఉంది. ఎన్ని ఫోటోలు తీశారో చూపించే చిన్న అద్దంలో ఇరవై రెండు అని ఉంది. ముప్ఫై ఆరు ఫోటోల రీలు. ఊరందరికీ మర్యాదలు నేర్పడానికి బోర్డులు రాసినవాణ్ణి, నోరు తెరిచి "వద్దన్నది నేనే భాయ్" అనలేకపోయాను.

మర్నాడు బల్ల కోసేశారు. పది రోజులకు రవళి మా ఆఫీసులో ఒక కవరు ఇచ్చి వెళ్లింది. అందులో శనివారం నాటి ఫోటో. ముందు గూడ్సు, వెనక మలుపులో బేగం, ఇంకా గుద్దుకోలేదు. వాటి అవతల, మామూలుగా చీకట్లో ఉండాల్సిన చోట, ఫ్లాష్ వెలుగులో హైదర్. బల్లెత్తుకి వంగి, చేతులు వెనక్కి కట్టుకుని, బేగంని చూసి మురిసిపోతున్నాడు. ఫ్లాష్ లేకపోతే ఆ మొహం ఫోటోలో పడేదే కాదు.

అది ఇప్పటికీ సనత్‌నగర్ షెడ్డులో లేతు మిషను పైన వేలాడుతోంది. ఎవరు అడిగినా హైదర్ ఒకటే చెప్తాడు: "దీని మర్నాడే పూరా రౌండు కొట్టింది మా బేగం. మస్తు కొట్టింది. ఫోటోనే లేదు. పాపం, ఆ పిల్ల దగ్గర రీలు అయిపోయె."

ఎన్నోసార్లు ఆ మాట అన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. బతుకంతా తప్పులు దిద్దినవాణ్ణి. ఆ ఒక్కటీ దిద్దలేదు.