ఆదివారం దాకా

తడిగుడ్డను రెండోసారి పిండి, కృష్ణవేణి ఆఫీసరు టేబులు మీది గాజుపలకను తుడిచింది. మొహం కనబడేదాకా తుడవడం ఆమె అలవాటు. కనబడిన మొహాన్ని చూసుకోకపోవడమూ అలవాటే. తెనాలిలోని ఆ ప్రభుత్వ కార్యాలయంలో ముప్ఫై ఒక్కేళ్లుగా ఆమె అటెండరు. పొట్టి మనిషి. ఫైళ్లు మోసి మోసి ఎడమ భుజం కాస్త కిందికి జారింది. వేళ్ల చివరలు ఫినాయిలుకు తెల్లగా పగిలాయి. ఈ సాయంత్రంతో ఉద్యోగం ముగుస్తుంది.

"ఏంటి కృష్ణవేణీ, రేపట్నుంచి ఈ దుమ్మంతా నన్నే తినమంటావా?" అన్నాడు సూపరింటెండెంటు శేషగిరిరావు.

"అలవాటైపోద్దిలెండి సార్. నేను తిన్లా ఇన్నేళ్లు?"

ఆయన నవ్వాడు. ఆమె కూడా నవ్వింది గాని, కారణం వేరు. ఆదివారానికి ఇంక మూడే రోజులు.

ఉద్యోగం ఎస్సీ కోటాలో వచ్చింది. అప్పటికే భర్త పోయాడు; ఇద్దరు పసివాళ్లు. బాప్తిస్మం తీసుకున్నట్టు కాగితానికెక్కితే ఉద్యోగం నిలవదని తెలిసినవాళ్లు చెప్పారు. రిటైరయ్యేదాకా ఆగుదామనుకుంది. విశ్వాసం మాత్రం ఆగలేదు. రేపల్లె లూథరన్ చర్చిలో ఒక్క ఆదివారం ఆరాధన తప్పింది లేదు. ఈ ఆదివారం అక్కడే ఆమెకు బాప్తిస్మం.

బాప్తిస్మం లేనివాళ్లకు అక్కడ ప్రభువు బల్ల దగ్గర చోటు లేదు. రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి లేచే తల్లులు చంటిపిల్లల్ని ఆమె ఒడిలో పెట్టి వెళ్లేవారు. ఒక్కోసారి ముగ్గుర్ని. తిరిగొచ్చి బిడ్డను అందుకోవడానికి వంగినప్పుడు వాళ్ల నోట ద్రాక్షరసపు తీపి వాసన వచ్చేది. కృష్ణవేణి కళ్లు మూసుకునేది. ఆ బల్ల నుంచి ఆమెకు అందిన వంతు అంతే.

మధ్యాహ్నం దండ వేశారు, శాలువా కప్పారు. రొమ్ము కింద ఏదో పట్టేసినట్టయితే, వాళ్లిచ్చిన మిక్చరు పడలేదనుకుంది. వరండాలోకి వచ్చి పాస్టరు రమేష్ బాబుకు ఫోను చేసింది.

"అయ్యగారూ, నా ఉద్యోగం అయిపోయిందండి. బాప్తిస్మం ఇవాళే ఇచ్చేయకూడదాండి?"

"ముప్ఫయ్యేళ్లు ఆగావు, మూడ్రోజులు ఆగలేవా అమ్మా? సంఘమంతా చూడాలిగా."

"అవునండి," అంది. సంఘం చూడాలని ఆమెకూ ఉంది.

సాయంత్రం రేపల్లె ప్యాసింజరులో నిర్మల పక్కన చోటు ఆపింది. చర్చిలో ఒకప్పుడు కృష్ణవేణి ఒళ్లో ఏడ్చిన పిల్లే. ఇప్పుడు తెనాలిలో టీచరు.

"బాప్తిస్మానికి ఏం పేరు పెట్టించుకుంటన్నావు పిన్నీ?"

"రూతు."

"పాతదే బాగుందిగా, సినిమా హీరోయిన్‌లా."

"నోర్ముయ్యవే, నా చీరలన్నీ తడిపినదానా!"

వేమూరు దాటాక కృష్ణవేణికి చెమటలు పట్టాయి. జాకెట్టు వీపుకు అతుక్కుపోయింది. పెదవులు బూడిదరంగుకు తిరిగాయి. ఎదుటి సీటాయన అంబులెన్సును భట్టిప్రోలు స్టేషనుకు రమ్మని ఫోను చేశాడు. నిర్మల వీపు రాస్తూంటే ఆమె ఆ చెయ్యి ఒడిసి పట్టుకుంది.

"ఆదివారం దాకా ఉండనేమోనే. ప్రాణం మీదికొస్తే మీలాంటోళ్లైనా బాప్తిస్మం ఇవ్వచ్చంటగా."

నిజమే. అలాంటప్పుడు విశ్వాసి ఎవరైనా ఇవ్వవచ్చని నిర్మలకు చిన్నప్పుడే పాస్టరుగారు నేర్పారు. నేర్చుకున్నదెప్పుడూ ఇలా ఎదురుపడలేదు.

"నేనా పిన్నీ? నాకు భయమేస్తంది."

"భయపడతానే నీళ్లు పొయ్యి."

నిర్మల సంచిలోంచి సీసా తీసింది. పొద్దున బడిలో పట్టుకున్న కుళాయి నీళ్లు, గోరువెచ్చగా ఉన్నాయి. రూతూ అని పిలిచి, తనకొచ్చిన మాటలు చెబుతూ మూడుసార్లు నుదుటి మీద పోసింది. నీళ్లు చెమటతో కలిసి ముక్కు పక్కగా జారాయి. ఎవరో టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు.

"ఇంకోసారి పిలువు," అంది ఆమె.

"రూతు పిన్నీ."

"ఊఁ."

జీవితంలో మొదటిసారి ఆ పేరుకు పలికింది. మళ్లీ పిలిపించుకోవాలన్నట్టు నిర్మల వంక చూస్తూనే ఉంది. భట్టిప్రోలు సిగ్నలు దగ్గర ఆ చూపు అలాగే నిలిచిపోయింది.

ఆమెను దించారు. నిర్మల కూడా దిగిపోయింది. బండి కదిలింది. కిటికీ పక్క సీటు సందులో నిలబెట్టిన సీసాలో, మిగిలిన రెండు గుక్కల నీళ్లు రేపల్లె దాకా ఊగుతూనే ఉన్నాయి.