రాయమల్లు విస్తరి

లస్మవ్వ బొగ్గుబాయి నోటి దగ్గర సున్నపు పొడి చల్లుతోంది. చేటలోంచి గుప్పెడు తీసి, మణికట్టు విదిలించి, రాతిగోడకు కొట్టాలి. ఊరికే విసిరితే నేలపాలవుతుంది. బొగ్గు దుమ్ముకు నిప్పంటుకోకుండా బాయిల్లో చల్లే పొడి అది. ఈ పాత బాయిలో మాత్రం చూడవచ్చే పెద్దమనుషుల బట్టలు నల్లబడకుండా చల్లిస్తున్నారు.

మనిషి సన్నం. ఏళ్ల తరబడి తట్టలు మోసి ఎడమ భుజం కాస్త కుంగింది. అరచేతుల పగుళ్లలో సున్నం దిగిపోయి ఎంత తోమినా వదలదు. తలలో నెరిసినదెంతో, సున్నం పడినదెంతో చూసేవాళ్లకు తెలియదు. చూసేవాళ్లు ఎవరున్నారు గనక!

ఎర్రగుట్ట బాయిలో బొగ్గు ఎప్పుడో అయిపోయింది. నిజాం కాలంలో తవ్విన మొదటి బాయి అని కంపెనీ దాన్ని మూసెయ్యకుండా, పైభాగంలో కొత్త కర్రలు నిలబెట్టి, దీపాలు వేలాడదీసి, వచ్చినవాళ్లకు చూపిస్తూ వచ్చింది. కింది భాగంలో నీళ్లు నిలిచాయి. అవి పైకి రాకుండా ఒక పంపు రాత్రింబవళ్లు తోడుతూనే ఉంటుంది. ఇవాళ పొద్దుగూకితే ఆ పంపు ఆగుతుంది. రేపు బాయి నోటికి గోడ కడతారు. చూడవచ్చేవాళ్లు తగ్గారు, కరెంటు దండగ అని పైనుంచి మాట వచ్చింది.

రాయమల్లు ఆ బాయిలోనే ఉన్నాడు. మొగుణ్ణి గురించి లస్మవ్వ ఎప్పుడూ 'ఉన్నాడు' అనే అంటుంది. పెళ్లిచీర రంగు వెలవకముందే ఒకనాడు లోపల పైకప్పు కూలింది. రాళ్లు తీయడానికి వీల్లేక ఆ వైపంతా గోడ కట్టేశారు. ఆమె శవాన్ని చూడలేదు, చితి చూడలేదు.

ఇవాళ పెత్రమాస. పోయినవాళ్ల పేరున ఆకులో అన్నం పెట్టే రోజు. ఏటా ఈ రోజు ఆమె మోదుగాకు విస్తరిలో అన్నం, గుమ్మడికాయ కూర, గారెలు కట్టి పంపు నడిపే భూమన్న చేతికిచ్చేది. "గోడకాడ వెట్టి రా" అని ఒకటే మాట. ఆడమనిషి అడుగుపెడితే బాయిని కాచే మైసమ్మ తల్లికి పట్టదని ఆమెను ఎవరూ లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. ఆమె కూడా గడప దాటలేదు. కానీ ఇది ఆఖరు విస్తరి. దీన్ని తన చేతులతో పెట్టాలని రాత్రే అనుకుంది. పొద్దున ఆ మాట చెప్తే భూమన్న ముఖం అదోలా అయింది.

"నువ్వెందుకు వదినె? ఎప్పటిలెక్కనే నేను గొంచవోత గదా."

"ఇయ్యాల నేనే వోత."

"లోపటంత బురద. కాలు జారితె ఇంకో పరేషాన్. వద్దు, నా మాటిను."

ఇంతలో జీపు వచ్చింది. హైదరాబాదు నుంచి ఎవరో ఆఫీసర్లు, వాళ్ల ఆడవాళ్లు, మూసేముందు ఒకసారి చూసిపోదామని వచ్చారు. బాయి పని చూసే సర్దార్ లచ్చయ్య పరుగున ఎదురెళ్లి, మల్లెపూల మీద ఇనప టోపీలు పెట్టి, ఆడవాళ్లను కూడా లోపలికి తీసుకుపోయాడు. మైసమ్మ కిమ్మనలేదు. ఆ తల్లికి కూడా హోదాలు తెలుసు కాబోలు! కాసేపటికి వాళ్లు చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని నవ్వుకుంటూ బయటికొచ్చారు. లోపల ఎంత చల్లగా ఉందో అని ఒకావిడ మురిసిపోయింది. జీపు వెళ్లిపోయింది.

లస్మవ్వ చేట కింద పెట్టి, గుడ్డలో కట్టిన విస్తరి ఒక చేత, ఇత్తడి చెంబు ఒక చేత పట్టుకుని లచ్చయ్య ముందు నిలబడింది.

"దొరసానులు వోయిరి గదా సర్దార్. నేను వోతె బాయి కూల్తదా?"

"వాళ్లంటె సుట్టాలు లస్మవ్వా. సూసిపోయెటోళ్లు."

"నా పెనిమిటి లోపటున్నడు. నేను సుట్టాన్ని గానా?"

లచ్చయ్య జీపు పోయిన దారి వంక చూశాడు. తన నెత్తి మీది టోపీ తీసి ఆమెకు పెట్టాడు. "జల్ది రా" అని ముఖం తిప్పుకున్నాడు.

భూమన్న దీపం పట్టుకుని ముందు నడిచాడు. తెల్లటి గోడలు కొంతదూరమే. తర్వాత అంతా నలుపు. పైకప్పు కిందికి దిగుతూ వచ్చింది. పొట్టి మనిషి లస్మవ్వే వంగాల్సి వచ్చింది. రాయమల్లు నిలువెత్తు మనిషి. వెన్నుపూస పొడుగునా నల్లగా చెక్కుకుపోయిన మచ్చలుండేవి. ఇవేమిటని అడిగితే "ముద్దుగున్నయా?" అని నవ్వేవాడు. ఆ మచ్చలు ఎలా పడ్డాయో ఆమెకు ఇప్పుడు తెలిసింది. ఇట్లా రోజూ వంగి నడిచావా అనుకుంది.

భూమన్న ఆగాడు. దీపం వెలుగులో ఎదురుగా నీళ్లు. నల్లగా, కదలకుండా ఉన్నాయి.

"గోడేది?"

"నీళ్ల కింద, వదినె."

"ఎప్పటిసంది?"

"నేనీ పంపుకు రాకముందుకెల్లి."

ఆమె విస్తరి వంక చూసింది, అతని వంక చూసింది. "మరి ఇన్నేండ్లు నేనిచ్చిందంత?"

"తిన్న వదినె."

"నీ నోట్లె మన్నువడ! పోయినోని కూడు తింటివారా! ఒక్కనాడన్న చెప్పకపోతివి!"

భూమన్న తల ఎత్తలేదు. "చెప్తె నువ్వు తట్టుకోవనుకున్న. నీళ్లల్ల ఇసిరేద్దమంటె మనసొప్పలే. ఈడ కాకి రాదు, పిట్ట రాదు. గందుకే, రాయమల్లన్నా, నీ వంతు నేను తింటున్ననే అని పిలిచి, గీ రాయి మీదనే కూసొని తిన్న. ఒక్క మెతుకు ఇడిసిపెట్టలే."

లస్మవ్వ ఆ రాయి మీదే కూలబడింది. ఎక్కడో నీటిచుక్క పడుతోంది. పంపు గొట్టం వణుకుతోంది. విస్తరి ఒళ్లోకి తీసుకుని అడిగింది.

"ఉప్పు సరిపోయేదా?"

భూమన్న తడబడ్డాడు. "జర ఎక్కువనే ఉండేది వదినె. నోరు మండేది."

"గాయనకు గట్లనే కావాలె. బాయిల చెమటంత వోతది గదా. ఉప్పు తక్కువైతె ఆకు నూకేసెటోడు." అని, ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన పోయినప్పటి నుంచి ఆమె వంట ఎలా ఉందో చెప్పిన మనిషి లేడు.

తర్వాత ముఖం తుడుచుకుని గుడ్డ విప్పింది. "కూసో. నా ముందట తిను."

భూమన్న తిన్నాడు. ఆమె దీపం దగ్గరగా పెట్టి, అతని చేయి ఆకుకూ నోటికీ మధ్య తిరుగుతుంటే రెప్ప వేయకుండా చూసింది. "మెల్లగ తిను, పొలమారుతది" అంది. కూర అయిపోతే ఇంకొక గారె ముందుకు జరిపింది. అతను చెంబెత్తి గటగటా సగం తాగి, ఆకు మడిచి లేచాడు.

నాలుగడుగులు వేశాక భూమన్న వెనక్కి చూశాడు. "చెంబు మరిచినవ్ వదినె. ఆగు, తెస్త."

"ఉండనియ్. ఉప్పు తిన్నంక గాయనకు దూపైతది. ఆ మురికినీళ్లు తాగుతడా ఏంది?"

పొద్దుగూకింది. భూమన్న పైకొచ్చి పంపు ఆపాడు. గోదావరి అవతల కొత్త బాయికి బదిలీ అయిందతనికి. లారీలో రేకుపెట్టె ఎక్కించి "పోయొస్త వదినె" అన్నాడు. "పైలం" అంది లస్మవ్వ. లారీ మలుపు తిరిగేదాకా నిలబడింది. వచ్చే పెత్రమాసకు వండితే ఎవరికి పెట్టాలో ఆమెకు తెలియలేదు. ఇటు కార్మికుల ఇళ్ల లైన్లలో ఆడవాళ్లు బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతున్నారు. ముండమోసిన మనిషి కాబట్టి ఆమెను ఎవరూ పిలవలేదు. పంపు చప్పుడు లేక చెవులు గుయ్యిమంటున్నాయి. ఆమె చేట తీసుకుని గుడిసెకు నడిచింది.

బాయి లోపల, మెల్లగా పైకెక్కుతున్న నల్లటి నీళ్ల పక్కన, రాయి మీద, సగం మంచినీళ్లతో ఇత్తడి చెంబు.