ముందు అందరికీ

"ఇంట్లోనే ఉంటావుగా ఏనీ, ఆ రూటర్ సంగతి నువ్వు చూసెయ్," అంటూ కాలేబు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఇంటర్నెట్ కంపెనీ మార్చాలనుకున్నది తనే. పాత లైన్ గురువారం ఆపించాలని తేల్చిందీ తనే. సరిగ్గా ఆ గురువారమే, పొద్దున పదింటికి నాకు ఇంటర్వ్యూ ఉందని ముందే రెండుసార్లు చెప్పాను. మళ్ళీ గుర్తు చేస్తే, "పదింటికి కదా, ఈలోపు అయిపోతుందిలే. నీకది రెండు నిమిషాల పని," అన్నాడు. మెచ్చుకున్నాడనుకుని ఊరుకున్నాను. పెళ్ళయినప్పటి నుంచీ నా మొగుడి మెప్పులన్నీ ఏదో ఒక పనిని వెంటబెట్టుకునే వస్తాయి.

నిజంగానే నాకది చిన్న పని. పెళ్ళికి ముందు హైదరాబాద్‌లో నాలుగేళ్ళు నెట్‌వర్క్ సపోర్ట్‌లో చేశాను. కెనడాలో ఈ రెజైనా ఊరు వచ్చాక ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. చర్చిలో ఎవరైనా అడిగితే కాలేబు, "మా ఏనీ కూడా అప్పట్లో ఏవో కంప్యూటర్లు చూసేది," అంటాడు, నేను పక్కనే నిలబడి నవ్వుతాను. పాప స్వీటీ పుట్టింది, కాకినాడ నుంచి అత్తయ్యగారు వచ్చారు, ఏళ్ళు దొర్లిపోయాయి. అప్లై చేయగా చేయగా చివరికి ఒక కాలేజీ హెల్ప్ డెస్క్ నుంచి పిలుపొచ్చింది. వీడియోలో ఇంటర్వ్యూ అన్నారు. "అంత గ్యాప్ ఉన్నా పిలిచారంటే ఆశ్చర్యమే," అన్నాడు కాలేబు. ఆ మాట వారం రోజులు నన్ను వదల్లేదు.

గురువారం బయట మైనస్ ముప్పై. బేస్‌మెంట్‌లో నేల మీద కూర్చుని పాత రూటర్ తీసేసి కొత్తది తగిలించాను. కేబుల్‌తో నా లాప్‌టాప్‌కి కలిపి సెటప్ మొదలుపెట్టాను. పాత వైఫై పేరూ పాస్‌వర్డూ కొత్తదానికీ పెట్టేస్తే ఇంట్లో ఉన్నవన్నీ వాటంతట అవే కలుస్తాయి, ఎవరి దగ్గరికీ పోనక్కర్లేదు. ముందురోజు ఆ మాట చెప్పబోతే కాలేబు, "కొత్త కంపెనీకి పాత పేరేమిటి, నేను చెప్పింది పెట్టు," అని నవ్వేశాడు. నాకు తెలిసిన పని, తనకు తెలియని పని. అయినా తను చెప్పిన పేరే పెట్టాను. ఒక్క మాట ఎదురు చెప్పలేకపోయానే అని ఇప్పటికీ నా మీద నాకే కోపం.

పచ్చ లైటు వెలిగింది. ఇంటర్వ్యూ లింకు నొక్కితే తెరుచుకుంది. ఇంకా ఇరవై నిమిషాలుంది. తల దువ్వుకున్నాను, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. ఆ చల్లటి నేల మీద అలాగే కూర్చుని ఉంటే సరిపోయేది.

"ఏనీ, వచ్చిందా? ముందు నాది చూడు, క్లయింట్ వెయిట్ చేస్తున్నాడు," అని పైనుంచి కాలేబు కేకేశాడు.

లాప్‌టాప్ మూసి మెట్లెక్కాను. తన ఆఫీసు లాప్‌టాప్ ఒక పట్టాన కలవలేదు, రెండుసార్లు ఆపి మళ్ళీ ఆన్ చెయ్యాల్సి వచ్చింది. హాల్లోకి వస్తే అత్తయ్యగారు టాబ్లెట్ పట్టుకుని కూర్చున్నారు. కాకినాడలో రాత్రి ప్రార్థన లైవ్ మొదలైపోయింది. పాటలు ఎలాగూ పోయాయి, బైబిలు వాక్యమైనా విననియ్యమ్మా అన్నారు. అది చూశాను. ఆ రోజు బడి లేదు, స్వీటీ సోఫాలోంచి తల ఎత్తకుండానే, "మామ్, ఇట్స్ నాట్ వర్కింగ్," అంది. అదీ చూశాను. పనిలో పని ప్రింటర్ కూడా కలిపెయ్యమని కాలేబు తలుపు సందులోంచి సైగ చేశాడు. ప్రతిసారీ ఇంకొక్క నిమిషమే కదా అనుకున్నాను. నన్ను ఎవరూ గదిలో పెట్టి తాళం వెయ్యలేదు, నా చెయ్యి పట్టుకుని ఆపలేదు. అందరికీ వడ్డించాక తినడం అలవాటైన మనిషిని, కాళ్ళు వాటంతట అవే నడిచాయి. పదిన్నరకి కిందికి వెళ్ళి లాప్‌టాప్ తెరిస్తే మీటింగ్ ముగిసిందని రాసి ఉంది. ఏడుపు రాలేదు, సిగ్గేసింది.

మధ్యాహ్నం చపాతీ పిండి కలుపుతుంటే ఫోన్ మోగింది. చేతులకి పిండి ఉందని మోచేత్తో స్పీకర్ నొక్కాను. కాలేజీ నుంచి ఒకమ్మాయి. అప్పుడే కాఫీ కోసం కాలేబు వంటింట్లోకి వచ్చాడు. ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా, మీకోసం చాలాసేపు చూశాం అంది. టెక్నికల్ ప్రాబ్లమ్ అయితే రేపు మళ్ళీ పెడతామంది. కాకపోతే మాత్రం రూల్ ప్రకారం ఆరు నెలలు ఆగి మళ్ళీ అప్లై చెయ్యాలట. మీకు ఇంటర్నెట్ ప్రాబ్లమే వచ్చిందా అని అడిగింది.

"అవునను. నెట్ రాలేదని చెప్పు," అని గుసగుసగా అన్నాడు కాలేబు.

నా మంచికే చెప్పాడు. ఆ ఉద్యోగం నాకు కావాలి, ఎంత కావాలో నాకే తెలుసు. అవునంటే చాలు, రేపు మళ్ళీ పిలుస్తారు. కానీ అవునన్నానంటే ఈ ఇంట్లో తప్పంతా ఆ రూటర్‌దే అవుతుంది. రాత్రి భోజనాల దగ్గర అందరూ కలిసి కొత్త కంపెనీని తిట్టుకుంటారు. నాలుగు రోజులు పోతే నేనూ అదే నమ్ముతాను.

"లేదండీ, ఇంటర్నెట్ బాగానే ఉంది," అన్నాను ఆ అమ్మాయితో ఇంగ్లీషులో. "మొదట వచ్చింది నాకే. దాన్ని వదిలేసి ఇంట్లో అందరికీ కనెక్ట్ చెయ్యడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మీరు వెళ్ళిపోయారు."

ఆ అమ్మాయి అయామ్ సారీ అంది, నిజంగానే అన్నట్టు వినిపించింది. ఆరు నెలలు కాగానే మళ్ళీ అప్లై చేస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను.

కాలేబు కప్పు కింద పెట్టాడు. "ఒక్క అబద్ధం చెబితే పోయేదేముంది ఏనీ? ఇప్పుడు నష్టం ఎవరికి?"

"నాకే," అన్నాను. "ఎప్పుడూ నాకే. కాకపోతే ఈసారి నీ కళ్ళ ముందు జరిగింది."